నీళ్ళ మడి

మడి గట్టెక్కగానే ఆమె కొయ్యబారిపోయింది.

నల్లజీలకర్ర మొక్కల మీద ఆమె పరిశోధన. మూడు మళ్ళలో ఆకుల మీద వారానికోసారి మునగాకు రసం పిచికారీ చేయిస్తుంది. పోల్చి చూడటానికి నాలుగోదానికి ఉత్త నీళ్ళే. పరీక్షలకని మూడు వారాలు వెళ్తూ, ఆ పనిని స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్‌కు అప్పగించింది. అందరూ అతన్ని నాజిల్ అంటారు.

ఇప్పుడు నీళ్ళ మడి పచ్చగా, గుబురుగా, మొగ్గలతో నవ్వుతోంది.

"దీనికేం కొట్టావు?"

"మునగాకు రసమేనండి."

"నీళ్ళే కొట్టమన్నాను కదా."

"అన్నారండి. కానీ వెళ్ళేరోజు దీని పక్కన కూర్చుని, 'పాపం, నీకే ఏమీ పెట్టడం లేదే' అన్నారు. మీ గొంతు అదోలా ఉంది. నాకు మనసొప్పలేదు."

ఆమె గట్టు మీదే కూలబడింది. "అన్నీ ఒకేలా పెరిగితే రసం పనిచేసిందని ఎలా చూపించను? ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది."

అతని మొహం పాలిపోయింది. చేతులు తుడుచుకుని నేరుగా ప్రొఫెసర్ గారి గదికి నడిచాడు. ఆమె వెనకాలే వెళ్ళింది.

"తప్పు నాదండి. ఆవిడ సరిగ్గానే చెప్పారు. నన్ను పనిలోంచి తీసేయండి," అంటున్నాడు లోపల.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. తనకు సరిగ్గా చెప్పలేదని ఒక్క మాటంటే బయటపడేవాడు. అనలేదు.

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీశారు. "ఆలస్యంగా కొట్టినా మొక్క కోలుకుందన్నమాట. ఒక్క మడిని చూసి ఫలితమని రాయలేం గానీ, ప్రశ్న మంచిది. ఈసారి పన్నెండు మళ్ళు వేయండి. ఇద్దరూ."

మరుసటి పంటకాలమంతా ఇద్దరూ కలిసే పనిచేశారు. నీళ్ళు కొట్టేముందు అతను ట్యాంకును మూడేసిసార్లు కడిగేవాడు.

"చాల్లే, అరిగిపోతుంది."

"ఒకసారి చేతులు కాల్చుకున్నవాణ్ణండి."

పిచికారీ తుంపర్ల చాటున ఆమె నవ్వు దాచుకునేది. అతనికి కనబడేది.

గింజలు నూర్చే రోజు ఆమె తల్లి వచ్చింది.

"మా అమ్మాయి ఏడాది పాడుచేసింది నువ్వేనా బాబూ?"

"నేనేనండి."

"మరి ఈ ఏడాది నిలబెట్టింది?"

"ఆవిడేనండి. నేను నీళ్ళు మోశాను."

తల్లి అతన్ని ఎగాదిగా చూసి, కూతుర్ని పక్కకు లాగింది. "మంచివాడిలా ఉన్నాడే. చేసుకుంటావా అని అడగనా?"

"నిన్న సాయంత్రం నేనే అడిగానమ్మా. ఇంకా జవాబు చెప్పలేదు."

తల్లి గిరుక్కున అతనివైపు తిరిగింది.

అతను గింజల సంచి కిందకు దించాడు. చెవులదాకా ఎర్రబడి, మొట్టమొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచి, "సరే," అన్నాడు.