మొహం పాతబడేదాకా

కారు అద్దం మీద ఎవరో దబదబా బాదేసరికి టోబిన్ రాడ్కే చేతిలోని కాఫీలో సగం ఒళ్ళో పడింది. మిగతా సగం చొక్కాకి దక్కింది.

బయట వర్షం. విస్కాన్సిన్‌లో ఏప్రిల్ వర్షమంటే, మంచుగా పడాలా నీళ్ళుగా పడాలా అని మబ్బు తేల్చుకోకముందే చెయ్యిజారి కిందపడే సరుకు. ఆ సరుకులో నిలువునా తడుస్తూ ఒక అమ్మాయి నిలబడి ఉంది. టోబిన్ అద్దం దించాడు.

“కారు ఎక్కడ పెట్టారో చూసుకున్నారా?”

“పార్కింగ్‌లోనే కదండీ.”

“కింద నీలం చారలు కనబడలేదా? పక్కన వ్యాన్ ఉందా? దాంట్లోంచి ర్యాంప్ దిగాలి. ర్యాంప్ మీద నుంచి వీల్‌చెయిర్ దిగాలి. ప్రస్తుతానికి రెండూ మీ కారు నెత్తిన దిగాలి. దింపేయమంటారా?”

టోబిన్ కంగారుగా వెనక్కి తీశాడు. వెనక ఒక గుంట ఉంది. అందులో అట్లాంటిక్ సముద్రం కన్నా రెండు చెంబులు తక్కువ నీళ్ళున్నాయి. చక్రం అందులో పడగానే ఆ నీళ్ళన్నీ, ఒక్క చుక్క వృథా కాకుండా, ఆ అమ్మాయి మీదికి వెళ్ళాయి. గురిచూసి కొట్టినా అంత బాగా కుదరదు.

కాసేపటికి అతను జిల్లా ఆఫీసు కార్డు మెడలో వేసుకుని, స్కూల్లో తనకి చెప్పిన గది తలుపు తట్టాడు. లోపల అదే అమ్మాయి. టవల్‌తో జుట్టు తుడుచుకుంటోంది.

“నేను టోబిన్. ఆల్టర్నేట్ పరీక్షకి అబ్జర్వర్‌ని. అంతా రూల్స్ ప్రకారం జరుగుతోందో లేదో చూడ్డానికి వచ్చాను.”

“రూల్సా,” అంది ఆమె.

అంతే అంది. టోబిన్ చెవుల మీద అట్లు పోసుకోవచ్చు, అంత వేడెక్కాయి.

ఆమె పేరు మారిట్ హౌగెన్, టీచరు. ఆమె పక్కన వీల్‌చెయిర్‌లో ఉన్నది పదహారేళ్ళ థియా క్లెంప్. థియా నోటితో మాట్లాడదు. చేతులు ఆమె చెప్పిన మాట వినవు. మాటంతా చూపులోనే. కుర్చీకి బిగించిన తెర మీద ఏ మాట వైపు చూస్తే ఆ మాటని మిషన్ పైకి చదువుతుంది, వాతావరణ వార్తలు చెప్పే ఆవిడ గొంతుతో.

“మిస్ తడిసింది,” అంది మిషన్. “బాగుంది.”

మామూలు పరీక్ష రాయలేని పిల్లలకి రాష్ట్రం పెట్టే పరీక్ష అది. టీచరు ఒక్కో ప్రశ్నా చదివి, మూడు బొమ్మల కార్డులు ముందు పెడుతుంది. థియా ఒక కార్డు వైపు నిలకడగా చూస్తే అదే జవాబు. టీచరు నవ్వకూడదు, తలాడించకూడదు, సరైన కార్డు వైపు కన్ను కూడా వెయ్యకూడదు. మారిట్ పరీక్ష పుస్తకం తెరవగానే ఆమె మొహం సిమెంటు పోసినట్టు గట్టిపడిపోయింది. అంత అందమైన సిమెంటుని టోబిన్ జన్మలో చూడలేదు.

అతను మారిట్ వెనకాల, థియా కళ్ళు కనబడేలా, మూల కుర్చీలో కూర్చున్నాడు.

“వీటిలో పాలిచ్చేది ఏది?” మారిట్ చదివింది.

ఆవు, కుర్చీ, చెంచా. థియా కార్డుల వైపు చూడలేదు. మారిట్ భుజం మీదుగా నేరుగా టోబిన్‌ని చూసింది. రెండో ప్రశ్నకీ అంతే. మూడో ప్రశ్నకి టోబిన్‌ని చూసి కిలకిలా నవ్వింది కూడా.

టోబిన్ గొంతు సవరించుకున్నాడు. “మిస్ హౌగెన్, నాలుగోదానికి కూడా జవాబు రాకపోతే...”

“తెలుసు. బ్రేక్,” అంది మారిట్.

కారిడార్‌లోకి వచ్చాక ఆమె తలుపు దగ్గరికి వేసింది. “మొదటి నాలుగూ ఖాళీగా పోతే పరీక్ష మూసేస్తారు. ‘ఈ అమ్మాయికి చెప్పుకునే దారి లేదు’ అని రాసేస్తారు. ఆ మిషన్ మీ ఆఫీసు వాడుకోమని ఇచ్చింది. పట్టుకుపోతారు.”

“మరి ఆ అమ్మాయి కార్డులు చూడట్లేదు కదండీ! నన్నే చూస్తోంది.”

“మిమ్మల్ని ఎందుకు చూస్తుంది?”

“నన్నడిగితే? ‘పాలిచ్చేది ఏది’ అన్నారు...”

మారిట్ ఆగిపోయింది. కిటికీ అద్దంలో అతని మొహం కనబడుతోంది. ‘పాలిచ్చేది’ అంటున్నప్పుడు కనుబొమలు పైకి లేచాయి, బుగ్గలు ఉబ్బాయి, మూతి ముందుకొచ్చి మొత్తానికి ఒక ఆవు తయారైంది.

“దేవుడా,” అంది. “మీరే!”

“నేనేం చేశాను?”

“మొహంతో జవాబులు చెబుతున్నారు! ఇటు నేను బండరాయిలా కూర్చుంటే, అటు వెనకాల మీరు సినిమా ఆడిస్తున్నారు! సినిమా ఆడుతుంటే కార్డులు ఎవరు చూస్తారు?”

నిజమే. టోబిన్ మొహంలో ఏదీ దాగదు. పేకాటలో అతన్ని తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవడానికి కాలేజీ రోజుల్లో పక్క ఊళ్ళ నుంచి జనం బస్సులు కట్టించుకుని వచ్చేవారు.

అతను ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, పై అధికారి వోజిక్ మేడంకి కలిపాడు. దాచినా దాగదు కదా అని మాత్రమే కాదు. ఆ అమ్మాయి తప్పు కానిదానికి ఆ అమ్మాయి పరీక్ష పోవడం అతనికి నచ్చలేదు.

“మేడం, నా మొహం వల్ల పరీక్ష పాడైందండీ.”

“ఏమైంది నీ మొహానికి?”

“ఏం కాలేదండీ. ఎప్పటిలాగే ఉంది.”

“అర్థమైంది,” అంది మేడం. “చూడు నాయనా, అయిపోయిన మూడూ మళ్ళీ అడగడానికి లేదు. నాలుగో ప్రశ్న నుంచి మొదలుపెట్టండి. వచ్చే శుక్రవారంతో గడువు ఆఖరు.”

“ఇంకో అబ్జర్వర్‌ని పంపిస్తారా?”

“అందరూ తలో స్కూల్లో ఉన్నారు. మిగిలింది నువ్వే. నీ మొహం సంగతి నువ్వే చూసుకో.”

మారిట్ గోడకి ఆనుకుని ఆలోచించింది. “సోమవారం నుంచి రోజూ లంచ్‌కి రండి.”

“లంచ్‌కా?” టోబిన్ మొహంలో దీపావళి.

“అదిగో, అదే వద్దన్నది! థియాకి కొత్తది కనబడితే కన్ను తిప్పదు. ఇక్కడ కొత్త ఫైర్ అలారం పెట్టినప్పుడు నెలంతా దాన్నే చూసింది. ఏం చేశాం? రోజూ దాని కిందే అన్నం తినిపించాం. పాతబడిపోయింది. మీ మొహం కూడా పాతబడాలి.”

“అంటే నేనూ ఫైర్ అలారం ఒకటేనా?”

“అలారం నయం. ఎప్పుడో గాని మోగదు.”

*

సోమవారం క్యాంటీన్‌లో థియా ఎదురుగా టోబిన్‌ని కూర్చోబెట్టారు. ఆమె అతన్ని టీవీ చూసినట్టు చూసింది.

“మొహం,” అంది మిషన్. “ఇంకోసారి.”

టోబిన్ పాపం మర్యాదస్తుడు. ఆవు మొహం పెట్టాడు. థియా నవ్వుకి ఆపిల్ గుజ్జు మూడు టేబుళ్ళ అవతల దాకా వెళ్ళింది.

“పెట్టకండి బాబూ!” అంది మారిట్. “పాతబడమంటే కొత్త కొత్తవి చూపిస్తారేంటి! ఏమీ ఆలోచించకుండా కూర్చోండి.”

“ఆలోచించట్లేదండీ.”

“అది కూడా కనబడుతోంది.”

మంగళవారం లంచ్ అయ్యాక స్కూలు వెనక గ్రీన్‌హౌస్‌లో థియా క్లాసువాళ్ళు పెంచుతున్న టమాటా నారుకి నీళ్ళు పెట్టారు. పైన గాజు కప్పు మీద వాన టపటపలాడుతోంది. కుండీలు మోసే పని టోబిన్‌ది. ఏ కుండీ ఎక్కడ పెట్టాలో చెప్పే పని థియాది. ఒకే కుండీని ఆ మూల నుంచి ఈ మూలకి, ఈ మూల నుంచి ఆ మూలకి ఆమె చూపుతో తిప్పించీ తిప్పించీ వదిలింది. అతను కాలిఫోర్నియా దాకా నడిచినంత పనైంది.

“కావాలనే చేస్తోంది కదా?” అన్నాడు రొప్పుతూ.

“ఇప్పటికి తెలిసిందా నీకు?” అని నవ్వింది మారిట్. ‘నీకు’ అన్నదన్న సంగతి ఆమె గమనించలేదు. టోబిన్ గమనించాడు. కుండీ కాలిమీద పడింది.

“మిషన్ రాకముందు అందరూ తన తల మీదుగానే మాట్లాడుకునేవాళ్ళు,” అంది ఆమె నారు సర్దుతూ. “వాళ్ళ నాన్న గస్ గారు పాపకి పోల్కా పాటలు ఇష్టమని ఏళ్ళ తరబడి రోజంతా రేడియో పెట్టేవారు. మిషన్ వచ్చిన రోజు ఏం చెబుతుందోనని అందరం చుట్టూ నిలబడ్డాం. ఆయన చేతిలో కర్చీఫ్ కూడా సిద్ధం. తన మొదటి మాట ఏంటో తెలుసా? ‘రేడియో ఆపండి.’”

టోబిన్ నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు. “ఆయనేం చేశారు?”

“ఆపేశారు. ఆపి ఏడ్చారు. అందుకే ఆ మిషన్ పోకూడదు టోబిన్.”

“పోదు,” అన్నాడు. ఎలా పోదో అతనికీ తెలియదు.

బుధవారం లంచ్‌కి థియా అతన్ని ఓసారి చూసి కిటికీ వైపు తిరిగింది. సాయంత్రం వ్యాన్ తెచ్చిన గస్ క్లెంప్, ఆవుల పాకలోంచి నేరుగా వచ్చిన రబ్బరు బూట్లతో, టోబిన్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

“మా అమ్మాయికి నీ మొహం బోరు కొట్టేసిందట బాబూ! ఇప్పుడే చెప్పింది. చాలా సంతోషం!”

ఎవరైనా తిడితే అంత ఆనందపడటం టోబిన్‌కి అదే మొదటిసారి.

గురువారం అంతా తిరగబడింది. థియా మళ్ళీ అతన్నే కన్నార్పకుండా చూస్తోంది. మారిట్ పాల ప్యాకెట్ తేవడానికి లేచింది. థియా కిటికీ వైపు తిరిగింది. మారిట్ వచ్చింది. థియా టోబిన్ వైపు తిరిగింది.

“ఏంటే ఇది? నిన్న బోరన్నావు కదా!” అంది మారిట్. “రేపే పరీక్ష. ఏం చూస్తున్నావు అక్కడ?”

థియా కళ్ళు తెర మీద నెమ్మదిగా కదిలాయి. ఒక్కో మాటా ఏరుకోవడానికి ఆమెకి సమయం పడుతుంది. ఆ సమయంలో టోబిన్ మూడుసార్లు ముసలివాడైపోయాడు.

“మిస్ వస్తే,” అంది మిషన్, వాతావరణ వార్తలంత ప్రశాంతంగా. “మొహం. ఎండ.”

టోబిన్ మెడ నుంచి ఎర్రబడటం మొదలుపెట్టి జుట్టు దాకా వెళ్ళాడు. ఇక దాచేందుకు ఏముంది?

“నిజమే,” అన్నాడు. “ఆ గుంటలో నీళ్ళు నీ మీద పడ్డప్పటి నుంచీ. నువ్వు టవల్‌తో జుట్టు తుడుచుకుంటూ ‘రూల్సా’ అన్నావు చూడు, అప్పుడే నా పని అయిపోయింది. చెప్పకూడదనుకున్నాను. నా మొహం వినలేదు. నువ్వంటే ఇష్టం మారిట్.”

మారిట్ అతన్ని చూసింది. ఆ మొహం మీద ఒక్క గీత కదల్లేదు. సిమెంటు.

“రేపు తొమ్మిదింటికి పరీక్ష,” అంది. “లేటు చెయ్యకు.”

థియా వీల్‌చెయిర్‌ని తోసుకుంటూ మారిట్ వెళ్ళిపోయింది.

*

శుక్రవారం ఉదయం టోబిన్ మూల కుర్చీలో కూర్చున్నాడు. తెల్లారేదాకా నిద్ర లేదు. కళ్ళు వాలిపోయాయి, మూతి వాలిపోయింది, చెవులు కూడా కొంచెం కిందికి జరిగాయి. మొత్తం మొహం మీద ఒకే ఒక్క ముక్క రాసి ఉంది: అయిపోయింది. రెండో ముక్కకి చోటు లేదు.

మారిట్ పుస్తకం తెరిచింది. గొంతులో ఏ వంకరా లేదు గాని, కార్డులు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

“ఆకాశం నల్లబడింది. పెద్ద గాలివాన వస్తుందని రైతుకి తెలిసింది. ఇప్పుడు రైతు ఏం చేస్తాడు?”

కేకు కోస్తున్న రైతు. చెరువులో ఈదుతున్న రైతు. ఆవుల్ని పాకలోకి తోలుతున్న రైతు.

థియా తల ఎత్తి, మారిట్ భుజం మీదుగా టోబిన్‌ని చూసింది.

టోబిన్ కదల్లేదు. కదలాలన్నా ఓపిక లేదు. ఆమె చూసింది. చూస్తూనే ఉంది. అతని మొహంలో వాన లేదు, ఎండ లేదు, కనీసం ఆవు లేదు. థియా నోరంతా తెరిచి ఒక ఆవులింత తీసింది.

తరవాత కార్డుల వైపు తిరిగింది. కేకు మీద చూపు ఆగలేదు. చెరువు మీద ఆగలేదు. పాక మీద ఆగింది. ఆగి, అక్కడే పాతేసినట్టు నిలబడిపోయింది.

“చూసింది,” అన్నాడు టోబిన్. “జవాబు వచ్చింది. రాసుకున్నాను.”

మారిట్ పేజీ తిప్పింది, అంతే. కానీ అయిదో ప్రశ్న చదవడానికి ముందు గుండెల నిండా గాలి పీల్చుకుంది. దానికీ, ఆరో ప్రశ్నకీ థియా జవాబు చెప్పింది. ఏడోదానికీ చెప్పింది. మధ్యాహ్నానికి పుస్తకం పూర్తయింది. సంతకాలు అయ్యాయి. పరీక్ష మూతపడలేదు, ముగిసింది.

టోబిన్ కార్డు మెడలోంచి తీసేశాడు. “మిషన్ జోలికి ఇక ఎవరూ రారు. వోజిక్ మేడంకి నేనే చెబుతాను. వస్తానండీ మరి.”

“అండీ ఏంటి?” అంది మారిట్.

“మీరు నిన్న...”

“నిన్న నేను ‘నాక్కూడా ఇష్టమే’ అని ఉంటే ఇవాళ నీ మొహం ఎలా ఉండేదో తెలుసా? తిరనాళ్ళలో రంగులరాట్నంలా ఉండేది. బల్బులతో సహా! ఈ పిల్ల కార్డుల వంక చూసేదా?”

టోబిన్‌కి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. “అంటే కావాలనే...”

“కావాలనే. రాత్రంతా నాకు మాత్రం నిద్రపట్టిందనుకున్నావా? రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఒక్క పూట ఓర్చుకుంటే థియా గట్టెక్కుతుంది, ఆ తరవాత నీ కాళ్ళయినా పట్టుకోవచ్చు అనుకున్నాను.”

“దుర్మార్గం!”

“అవును.”

“రాత్రి నేను రాజీనామా కూడా రాసుకున్నాను!”

“చింపెయ్యి. సాయంత్రం ఊళ్ళో ఫిష్ ఫ్రై విందు. గస్ గారు మన నలుగురికీ టేబుల్ చెప్పేశారు. మొన్న బుధవారమే చెప్పేశారట. నన్ను అడగను కూడా లేదు.”

టోబిన్ మొహం వెలిగింది. ఆ వెలుగుకి కారిడార్‌లో పోతున్న పిల్లలు ఏమైందోనని తలుపులోంచి తొంగిచూశారు. అతను మారిట్ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

వెనక నుంచి చిన్న ‘టిక్’. థియా కళ్ళు తెర మీద ఏదో వెతుకుతున్నాయి. ఇద్దరూ చేతులు వదలకుండానే ఆగారు. ఆ పిల్ల మాట ఏరుకుంటున్నంతసేపూ మధ్యలో మాట్లాడకూడదు.

“ఇప్పుడు,” అంది మిషన్.

ఇంకాసేపు ఆగారు.

“మిస్ మొహం చూడండి.”