సత్తెమ్మగారి ‘ఆయ్’

ఎనభై రెండో సంవత్సరం, ఆగస్టు నెల. కొత్తపేటలో టీచరు విజయకుమారి బడి హడావుడిలో జడ వేసుకుంటోంది. అమలాపురం దగ్గరి చర్చి వృద్ధాశ్రమం నుంచి ఆయా వీరాయమ్మ మొదటి బస్సుకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీ అమ్మగారు పడిపోయి నాలుగు రోజులైందండి. రాత్రి జ్వరం ఎక్కువైతే ఆస్పత్రిలో చేర్పించేం. తుంటి ఎముక విరిగిందని ఇప్పుడంటున్నారండి."

"నాలుగు రోజులా! అప్పుడే చూపించలేదా?"

"చూపించేమండి. నొప్పేం లేదు కదా అని డాక్టరుగారు అడిగితే ఆయ్ అన్నారండి. బిళ్ళలిచ్చి పంపేసేరు."

ఆయ్! ఎవరేమడిగినా మన వైపు ‘అవునండి’ అన్నట్టు మర్యాదకి అనే మాట. మతి పోయాక విజయకుమారి తల్లి సత్తెమ్మగారికి మిగిలింది ఆ ఒక్కటే. తిన్నారా అంటే ఆయ్, తినలేదా అన్నా ఆయ్. ఆ మాట నమ్మి తుంటి ఎముక విరిగిన మనిషిని వెనక్కి పంపేశారు, మహానుభావులు!

ఆస్పత్రిలో విజయకుమారి డాక్టరు మీద విరుచుకుపడింది.

"మతి లేని మనిషి మాట పట్టుకుని వదిలేస్తారాండీ? ఒక్కసారి కాలు కదిపి చూడలేకపోయేరా?"

"ఆవిడే చెప్పేరు కదా టీచరుగారూ..." డాక్టరు తల దించుకున్నాడు. "ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. రెండు రోజులు దాటితే గొప్పేనండి."

"చంపేసేరండీ మా అమ్మని!"

వీరాయమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "మరి మీరెవరి మాట పట్టుకుని ఆశ్రమంలో చేర్పించేరమ్మా?"

వీధుల్లో పడి తిరిగే తల్లిని కాయలేక, రెండేళ్ల క్రితం విజయకుమారే అడిగింది, "ఆశ్రమంలో ఉంటావా అమ్మా?" అని. ఆయ్ అంది తల్లి. ఆ రోజు నుంచీ చుట్టాలందరికీ, ఆశ్రమం ఫాదరుగారికీ ఒకటే చెప్పుకొచ్చింది, "మా అమ్మే ఒప్పుకుందండీ" అని. అప్పటికే తల్లికి కూతురి పేరు గుర్తు లేదు. ఆ సంగతి విజయకుమారికి తెలుసు, ఖచ్చితంగా తెలుసు.

మంచం పక్కన కూలబడి తల్లి చెయ్యి పట్టుకుంది. కాలిపోతోంది. వీరాయమ్మ కళ్లు తుడుచుకుని, విజయకుమారి భుజం మీద చెయ్యి వేసింది.

"ఏదైనా మాట్లాడండమ్మా. వింటారు."

"అమ్మా..."

సత్తెమ్మగారు కళ్లు తెరిచి, ఎవరో పెద్దింటి మనిషిని చూసినట్టు వినయంగా చూశారు.

నన్ను క్షమించేవా అమ్మా అని అడుగుదామని గొంతు దాకా వచ్చింది. ఏం జవాబు వస్తుందో తెలిసి, విజయకుమారి అడగలేకపోయింది.