కృతజ్ఞతల గోడ

మిట్టమధ్యాహ్నం!

నీడలు మనుషుల పాదాల కిందికి ముడుచుకుపోయే వేళ... క్షుద్రశక్తులకు అర్ధరాత్రి కన్నా ఆ వేళంటేనే మక్కువ ఎక్కువ. చూస్తూండగానే కారుమేఘాలు సూర్యబింబాన్ని మింగేశాయి. దిక్కులదిరేలా ఉరుము ఉరిమింది. పట్టపగలు ఒక గుడ్లగూబ వచ్చి ధర్మాసుపత్రి పిట్టగోడ మీద వాలి, మెడ తిప్పి, ఎదురుగా ఉన్న దర్జీల వీధి వైపు చూసింది. ఆ వీధిలో కుట్టుమిషన్ల చప్పుడు ఆగిపోయి చాలా రోజులైంది.

ఆసుపత్రి వెనకే ఆకాశాన్ని తాకే అపార్ట్‌మెంట్ల టవర్ ఉంది. దాన్ని కట్టిన కంపెనీయే తన ఫౌండేషన్ తరఫున వీధివాళ్ల కోసం ఈ ఆసుపత్రి కట్టించింది. వైద్యం ఉచితం, మందులు ఉచితం. మంచి పనే, కాదనడానికి నోరు రాదు. కానీ ఆ కంపెనీకి ఒక పద్ధతి ఉంది. ఏమిచ్చినా సరే, పుచ్చుకున్నవాళ్లు తడి సిమెంటు పూసిన గోడ మీద అరచెయ్యి అద్దాలి. ఆ పక్కనే నిలబడి నవ్వుతూ ఫొటో దిగాలి. దానికి కృతజ్ఞతల గోడ అని ముద్దుపేరొకటి! పెట్టిన చెయ్యి కన్నా చాచిన చెయ్యే నలుగురికీ కనిపించాలన్న తాపత్రయం. చెప్పుకోవడానికే సిగ్గుచేటు.

ఆ ముద్రలు వేయించే పని ఫౌండేషన్ ఆఫీసరమ్మది. ఆమె ఆ వీధి పిల్లే. తల్లీ తండ్రీ లేకపోతే అక్క రెక్కలు ముక్కలు చేసుకుని మిషను తొక్కి చదివించింది. మొదటి ముద్ర ఎవరిచేత వేయిద్దామని ఛైర్మన్ అడిగినప్పుడు ఆమె తడుముకోకుండా అక్కను చూపించింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, మురిసిపోతూ వచ్చి, అక్క ఆ గోడకు చెయ్యి ఆనించింది...

ముద్ర ఆరకముందే ఆమె వేళ్లు తిమ్మిరెక్కాయి! తర్వాత చెయ్యి అద్దిన ప్రతివాళ్లకూ అదే జబ్బు. సూది జారిపోతుంది, కత్తెర నిలవదు. వీధి అలా నీరసించిపోతూంటే, అవతల టవర్ గోడల్లో నోళ్లు తెరుచుకున్న పగుళ్లు మాత్రం వాటంతటవే పూడుకుపోసాగాయి.

కారణం, కంపెనీ సలహాదారు. పైకి వాస్తు పండితుడు, లోపల కరడుగట్టిన క్షుద్రోపాసకుడు. నేల కుంగిపోతున్న ఆ టవర్ నిలబడాలంటే బతికున్న మనుషుల సత్తువ కావాలని ఛైర్మన్‌కు చెప్పింది వాడే. దానం పుచ్చుకుని ముద్ర వేసినవాడి ప్రాణం దాత చేతిలో పడుతుంది... ఇదీ వాడి మంత్రానికి మూలం. మందుల గదిలో, ఆ ముద్రల గోడలోనే ఉన్న తలుపుల గూట్లో, రక్తచందనం పూసిన కపాలం వాడు ప్రతిష్ఠించిందే.

ఆ కపాలాన్ని ఆఫీసరమ్మ కళ్లారా చూసింది. మందుల పెట్టెలు సర్దిస్తూ చూసింది. అంతా అర్థమైంది కూడా. కానీ ఆ వారమే ఆమెను డైరెక్టర్ని చేస్తామన్నారు. ఆమె తలుపు దగ్గరగా వేసి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చేసింది. ఆనాటి నుంచి అద్దంలో తన మొహం తాను చూసుకోలేకపోతోంది.

ఇప్పుడు ఆ ఉరుముల మధ్య ఆమె అక్క మంచం పక్కన కూర్చుని ఉంది. అక్క కనుగుడ్లు పైకి తేలిపోయాయి. నోట్లోంచి వీధిలోని వాళ్లందరి గొంతులూ కలిసి మూలుగుతున్నాయి... ముసలి గొంతులు, ఆడగొంతులు, మగగొంతులు! చివరి పగులు పూడాలంటే మొదటి ముద్ర వేసిన ప్రాణమే పూర్ణాహుతి కావాలి. ఆ తంతు అవతల ఆసుపత్రిలో మొదలైపోయింది.

ఒక్క క్షణం ఆ గొంతులన్నీ సద్దుమణిగి అక్క గొంతు బయటికొచ్చింది.

"ఏమే, అన్నం తిన్నావా?"

చెల్లెలు సిగ్గుతో చితికిపోయింది. తెలిసి కూడా ఊరుకున్నానని చెప్పాలనుకుంది. కానీ అక్క కళ్లలోకి చూడలేక తల గోడ వైపు తిప్పుకుంది. అక్కడ మేకుకు ఒక గుడ్డముక్క వేలాడుతోంది. దాని మీద సుద్దతో గీసిన చెయ్యి... వెడల్పాటి మగ అరచెయ్యి!

అప్పుడు వెలిగింది ఆమెకు. ముద్రలు పడ్డ గోడను ఉత్త చేతులతో తాకితే మాంత్రికుడికే ప్రమాదం. అందుకే వాడికి నల్లని చేతితొడుగులు కావలసి వచ్చాయి. కుట్టించి పెట్టమంటే తనే వాణ్ని అక్క దగ్గరికి తీసుకొచ్చింది. తొడుగు కుట్టాలంటే కొలత కావాలి కదా! అక్క వాడి చెయ్యి గుడ్డ మీద ఆనించి, చుట్టూ సుద్దతో గీసుకుంది. తిమ్మిరెక్కిన వేళ్లతోనే కుట్టింది. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

"మా వీధికి ఆసుపత్రి ఇచ్చారు. మీ దగ్గర తీసుకుంటానా అన్నయ్యగారూ, ఊరికే ఉంచుకోండి" అంది. వాడు నవ్వుతూ ఉంచుకున్నాడు.

ఆఫీసరమ్మ గుడ్డముక్క లాక్కుని వానలోకి పరుగెత్తింది.

మందుల గదిలో ధూపం కమ్ముకుపోయి ఉంది. కపాలం కళ్లగుంటల్లో నీలిమంటలు నాలుకలు చాస్తున్నాయి. నల్లని చేతులు గోడకు ఆనించి భీకరస్వరంతో మంత్రం జపిస్తున్న మాంత్రికుడు ఆమెను చూసి పెదవి విరిచాడు.

"ఆ రోజు చూసి నోరు మూసుకున్నావు. ఇవాళ కూడా మూసుకో. నీ కుర్చీ నీకుంటుంది."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. నిజం కాబట్టే తగిలింది. తల దించుకునే ఆమె ముందుకు నడిచి, వానకు తడిసి ముద్దయిన ఆ గుడ్డను అక్క ముద్ర పక్కన గోడకు అదిమింది.

"నువ్వూ పుచ్చుకున్నావు. మా అక్క దగ్గర. ఊరికే."

మంత్రానికి పెద్దా చిన్నా తెలియదు. పుచ్చుకున్నదెవరు, ముద్ర ఎవరిది... దానికి కావలసింది అదొక్కటే! పిడుగు పడ్డట్టు గోడంతా కంపించింది. చేతితొడుగులు బిగుసుకున్నాయి. వాడు పీక్కున్నాడు, పళ్లతో కొరికాడు, రాలేదు. అంత గట్టిగా కుట్టింది అక్క! ప్రతి కుట్టూ నిప్పుతీగై మెరిసింది. ఇచ్చి మరిచిపోయిన చెయ్యి ముందు, ఇచ్చి కట్టేసుకునే చేతి బలం చాల్లేదు. వాడు హృదయవిదారకంగా కేక పెడుతూంటే గోడ వాణ్ని లోపలికి ఈడ్చుకుంది... మోచేతుల దాకా, భుజాల దాకా, ఆపైన కేక కూడా! కపాలం పెటిల్లున పగిలింది. అరచేతుల ముద్రలన్నీ పెచ్చులుగా రాలిపోయాయి. టవర్ పగుళ్లన్నీ ఒక్కపెట్టున మళ్లీ నోళ్లు తెరిచాయి. ఛైర్మన్ చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కాడని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

వాన వెలిసింది. వీధిలో ఎక్కడో ఒక మిషను టకటకలాడింది, దాని వెంట ఇంకొకటి.

ఆఫీసరమ్మ ఇంటికైతే వచ్చింది గానీ, గడప దాటలేక బయటే నిలబడిపోయింది. అంతా చెప్పేసింది. తాను చూసిందీ, తలుపు వేసిందీ, దేనికోసం వేసిందీ. అక్క మొహంలో కోపం ఉంది, దాచుకోలేదు. తర్వాత లేచి, వేళ్లు ఒకసారి మడిచి తెరిచి చూసుకుని, కంచంలో అన్నం పెట్టి తెచ్చింది.

అందుకోవడానికి చెల్లెలికి చేతులు రాలేదు.

"పుచ్చుకోవే" అంది అక్క. "నా దగ్గర గోడ లేదు."