ఏడో నంబరు షట్టరు

పింఛన్ల ఆఫీసులో ఏడో నంబరు షట్టరు వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళేవారు కాదు.

వీధివైపు నుంచి ఎవరో తడతారని చెప్పుకునేవారు. టక్... టక్... టక్. మూడుసార్లు. తర్వాత సన్నగా ఒకే ఒక్క మాట వినిపించేదట — "ఉన్నాను."

అంతే. తిట్లు లేవు, ఏడుపు లేదు. ఉన్నాను అనడం, ఆగిపోవడం.

మొదట విన్నది ఊడ్చే మనిషి. మర్నాటి నుంచి ఎండ ఉండగానే ఊడ్చి వెళ్ళిపోతానని తెగేసి చెప్పింది. టైపు చేసే అమ్మాయి మూడు రోజులు జ్వరంతో పడుకుంది. వాచ్‌మన్ మాత్రం నాకేం భయం అని మీసం మెలేసేవాడు గానీ, రాత్రయ్యాక గేటు దగ్గర కుర్చీ వదిలి అంగుళం కదిలేవాడు కాదు.

ఇది నాకు చెప్పినవాడు ఆ ఆఫీసు గుమాస్తాగారి తోడల్లుడు. మామూలుగా గోరంత విషయాన్ని కొండంత చేసే మనిషి. ఈ ఒక్కటి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, విన్నది విన్నట్టే చెప్పాడు.

గుమాస్తాగారిని ఆఫీసులో అందరూ "తేదీలాయన" అనేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆయన చేతి మీదుగా ఒక్క కాయితం కూడా ఖాళీ గడితో బయటికి పోలేదు. ఖాళీ గడి కనిపిస్తే పంటి కింద రాయి పడ్డట్టుండేది ఆయనకి. ఆఖరికి ఇంట్లో మందుసీసా తెరిచినా మూత మీద తేదీ వేసేవాడు. ఇంకో అయిదు వారాల్లో రిటైరు కావాలి. ఏ గొడవా లేకుండా బయటపడితే చాలని ఇంటావిడ రోజూ దణ్ణాలు పెట్టుకుంటోంది.

ఆ రాత్రి వాచ్‌మన్ కాక ఆయన ఒక్కడే ఆఫీసులో ఉన్నాడు. మర్నాడు పదింటికి పార్లమెంటు కమిటీ వస్తోంది.

పింఛన్లు ఎవరికి పోతున్నాయి, చనిపోయినవాళ్ళ పేరు మీద ఎవరు తింటున్నారు, ఆఫీసర్లకిచ్చిన కార్లూ క్వార్టర్లూ సబబుగానే ఉన్నాయా — ఇవన్నీ చూడ్డం ఆ కమిటీ పని. ఆఫీసరుగారి గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయి. ఆయనకి రావలసిన దానికన్నా ఒక కారు ఎక్కువుంది. దాన్ని పెరట్లోకి తోయించి పైన టార్పాలిన్ కప్పించాడు. ఇక మిగిలింది విశ్రాంతి గది. అందులో సోఫా, ఏసీ, పక్కనే బాత్‌రూము, గోడంతా మఖమల్ తెర.

"పొద్దున్నకల్లా అది రికార్డు రూములా కనిపించాలయ్యా. సోఫా బయటికి, ఫైళ్ళు లోపలికి. ఏం చేస్తావో నీ ఇష్టం" అని చెప్పి ఆఫీసరుగారు ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ గది ఒకప్పుడు ఏడో నంబరు కౌంటరు.

ఏటా ఒకసారి ముసలివాళ్ళంతా వీధిలో ఆ కిటికీ ముందు వరసగా నిలబడి, తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ చూపించి, లైఫ్ సర్టిఫికెట్ మీద వేలిముద్ర వేసి వెళ్ళేవారు. బతికే ఉన్నామని చెప్పడం అన్నమాట. గేటులోంచి లోపలికి రావాలంటే చీటీ కావాలి. ఆ చీటీ ఇచ్చేదీ ఏడో నంబరే. ఈ ఏడు సరిగ్గా సర్టిఫికెట్ల నెలలోనే ఆఫీసరుగారికి విశ్రాంతి కావలసివచ్చింది. షట్టరు దించేసి, లోపల గది పని మొదలుపెట్టించాడు. సర్టిఫికెట్లు మేడ మీద పన్నెండో నంబరులో తీసుకుంటారని షట్టరు మీద నోటీసు అంటించమని గుమాస్తాగారికి చెప్పాడు. ఆయన అంటించాడు.

ఆ ఏడు గడువులోపల సర్టిఫికెట్ ఇవ్వనివాళ్ళు రెండువందల పదమూడు మంది తేలారు. ఏటా పది పదిహేను మందికి మించరు. తేదీలాయనకి అనుమానం రాకపోలేదు. కానీ కంప్యూటరు "పింఛను ఆపిన కారణం" అన్న గడిలో మరణం తప్ప ఇంకో మాట తీసుకోదు. మరణం అని కొడితే తేదీ అడుగుతుంది. తేదీ ఎవరికి తెలుసు? ఖాళీగా వదలడం ఆయన వల్ల కాలేదు. గడువు ఆఖరి రోజు వేశాడు. అందరికీ అదే రోజు.

ఆ జాబితా పార్లమెంటు దాకా వెళ్ళింది. అంతమంది దొంగ పింఛనుదార్లని ఏరేశారని ఆఫీసరుగారికి మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది.

సరే, ఆ రాత్రి వాచ్‌మనూ తేదీలాయనా కలిసి సోఫాని పెరట్లోకి మోశారు. "ఇంక నావల్ల కాదు సార్, మీరూ తొందరగా వచ్చేయండి" అని వాచ్‌మన్ షట్టరు వైపు చూడకుండానే జారుకున్నాడు. తేదీలాయన ఒక్కడే ఫైళ్ళు సర్దాడు. ఆఖరున తెర విప్పడానికి స్టూలెక్కాడు.

టక్...

చెయ్యి ఆగిపోయింది.

టక్... టక్...

చేతిలో ఉన్న తెర బరువుకి జారి, కుప్పగా కింద పడింది.

షట్టరు మీద తెల్లగా ఏదో ఉంది.

ఆయన స్టూలు దిగి, టార్చి వేసి చూశాడు. నోటీసు. "లైఫ్ సర్టిఫికెట్లు మేడ మీద పన్నెండో నంబరులో తీసుకోబడును." కింద తేదీ. దాని కింద ఆయన సంతకం.

షట్టరు మీద అంటించమంటే, ఆ రోజు తను నిలబడ్డ వైపే అంటించాడు... లోపలివైపు. సాయంత్రానికల్లా దానిమీద తెర వేలాడదీశారు. వీధిలో నిలబడ్డవాళ్ళకి కనిపించింది మూసిన ఇనప రేకు ఒక్కటే.

రెండువందల పదమూడు మంది.

అప్పుడే వినిపించింది, రేకు అవతల నుంచి, చెవి ఆనిస్తే తప్ప వినపడనంత సన్నగా —

"ఉన్నాను."

"ఎవరు?" అన్నాడు.

"నేను బాబూ. పెద్దాసుపత్రి ఆయమ్మని. లోపల మనిషున్నారా? అమ్మయ్య... రాసుకో నాయనా. నేనున్నాను."

దెయ్యం కాదు! పింఛను ఆగిపోయిన ముసలమ్మ! ఆయనకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. షట్టరు పట్టుకుని బలంకొద్దీ పైకి లాగాడు. తుప్పు పట్టి ఉంది. జానెడు లేచి బిగుసుకుపోయింది. ఆ సందులోంచి ముడతలు పడిన చెయ్యి ఒకటి లోపలికి వచ్చింది, వేళ్ళ మధ్య ఇత్తడి బిళ్ళతో.

"ఈ వేళప్పుడు వచ్చావేంటమ్మా?"

"పగలు రానివ్వట్లేదు బాబూ. నేను చచ్చిపోయానట. చచ్చినవాళ్ళకి చీటీ ఇవ్వరట."

"మూడు నెలలుగా తడుతున్నది నువ్వేనా?"

"నేనొక్కదాన్నే ఎక్కడ? నా వెనకాల వీళ్ళంతా లేరూ..."

ఆయన మోకాళ్ళ మీద వంగి సందులోంచి చూశాడు. గోడవారగా, వీధి మలుపు దాకా కాళ్ళు. చెప్పులున్నవీ లేనివీ. చేతికర్రల కొసలు. ఎవరూ మాట్లాడటం లేదు. దగ్గు కూడా లేదు.

బీరువా మీద పాత సర్టిఫికెట్ల కట్ట ఉంది. దించాడు. ఇంకుప్యాడు తెచ్చాడు. నేలమీద చతికిలబడి రాయడం మొదలుపెట్టాడు. పేరు, నంబరు, ఆనాటి తేదీ. తర్వాత సందులోంచి వచ్చిన వేలిని ఇంకులో ముంచి, తన చేత్తో పట్టుకుని గడిలో నొక్కించాడు.

ఆయమ్మది మొదటి కాయితం. వేలు మంచులా చల్లగా ఉంది.

"చలేస్తోందా అమ్మా?"

"అలవాటైపోయింది బాబూ. రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

"అయితే ఇక తట్టక్కర్లేదు కదా?"

"అక్కర్లేదమ్మా. నాదీ పూచీ" అన్నాడు తేదీలాయన. అలా ఎవరికీ ఏ పూచీ ఇచ్చి ఎరగడు ఆయన.

తర్వాత చేతులు వస్తూనే ఉన్నాయి. కొన్ని వెచ్చగా ఉన్నాయి, వణికాయి, ఆయన వేలిని పట్టుకుని వదల్లేదు. కొన్ని చల్లగా వచ్చి చల్లగా పోయాయి. తెల్లవారేసరికి ముప్ఫై ఎనిమిది అయ్యాయి. ఇంకా ఎవరైనా ఉన్నారా అని సందులోంచి చూస్తే, వీధి ఊడ్చే బండి ఒకటే కనిపించింది.

మొహం కడుక్కుని ఆ కట్టని గుండెకి హత్తుకుని కూర్చున్నాడు. ఈ మాట బయటపెడితే ఎంక్వయిరీ ఖాయం. రిటైరయ్యాక తన పింఛనూ ఆగిపోవచ్చు. ఇంటావిడ మొహం కళ్ళ ముందు మెదిలింది. అయినా చెప్పాలనే అనుకున్నాడు.

పదింటికి కమిటీ వచ్చింది. అధ్యక్షురాలు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని జాబితా తిప్పింది.

"రెండువందల పదమూడు మంది ఒక్క రోజే పోయారా? ఆ రోజు మీ ఊళ్ళో ఏమైంది? భూకంపమా?"

తేదీలాయన లేచి నిలబడ్డాడు.

"ఏమీ కాలేదమ్మా. ఆ తేదీ నేను వేసింది."

"ఎందుకు?"

"గడి ఖాళీగా ఉంచకూడదని."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆయన నోటీసు సంగతి చెప్పాడు, విశ్రాంతి గది సంగతీ చెప్పాడు. కట్ట తీసి ఆమె ముందు పెట్టాడు.

"వీళ్ళు బతికే ఉన్నారమ్మా. రాత్రి వచ్చారు. వేలిముద్రలు చూడండి."

ఆమె ఒక్కొక్క కాయితమే తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఆగింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఇరవై ఏడింటికి ఉన్నాయి. ఈ పదకొండింటికి లేవే?"

"ఉంటాయమ్మా. నా చేత్తో పట్టుకుని వేయించాను."

ఆమె కట్టని ఆయన వైపు తిప్పింది. పదకొండు కాయితాల మీద పేరుంది, నంబరుంది, తేదీ ఉంది. వేలిముద్ర గడి తెల్లగా ఉంది. ఇంకు మరక కూడా లేదు.

అన్నిటికన్నా పైనున్నది ఆయమ్మ కాయితం.

ఆ సాయంత్రం తేదీలాయన ఆ కాయితం పట్టుకుని, అందులో ఉన్న చిరునామా వెతుక్కుంటూ వెళ్ళాడు. రెండో అంతస్తులో ఒంటిగది. మనవరాలు తలుపు తీసింది.

"అమ్మమ్మా? పోయి అయిదు వారాలైందండీ. పింఛను ఆగాక మందులు రోజు విడిచి రోజు వేసుకునేది. తర్వాత అదీ లేదు. మీ ఆఫీసుకి మూడుసార్లు వచ్చింది. కిటికీ మూసుందని తిరిగొచ్చింది."

ఆయన చేతిలో కాయితం వైపు చూసుకున్నాడు.

"ఆ బిళ్ళ మీకు అప్పగించాలేమోనని తీయబోయామండీ. అమ్మమ్మ గుప్పిట విప్పలేకపోయాం. అలాగే పంపించేశాం" అని, ఆ పిల్ల ఆయన చేతిలో కాయితం చూసి, "ఏ రోజు పోయిందో చెప్పమంటారా? రాసుకుంటారా?" అంది.

ఆయన పెన్ను తీశాడు. మూత తీయలేదు. కాయితం మడిచి, ఖాళీ గడి ఖాళీగానే జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. వాకబు చేస్తే మిగతా పది మందిదీ అదే కథ. అందరూ పింఛను ఆగిన తర్వాతే పోయారు.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికే సిగ్గుచేటు. కమిటీ అధ్యక్షురాలు మంచి మనిషే, కష్టపడి సిఫార్సు రాసింది. కానీ పార్లమెంటులో పెట్టేసిన జాబితాని పార్లమెంటే దిద్దాలట. వచ్చే సమావేశాల దాకా ఆగాలట. ఇరవై ఏడు మంది అప్పటిదాకా చచ్చినవాళ్ళ కిందే లెక్క. సందులోంచి చెయ్యి పెట్టని మిగతావాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆఫీసరుగారిని ఇంకో ఊరికి బదిలీ చేశారు. అక్కడ కారు ఒకటే ఇచ్చారు గానీ పెద్దది ఇచ్చారు. వెళ్ళే రోజు ఆయన తేదీలాయన భుజం తట్టి, "ఆ పదకొండు మందీ చచ్చినవాళ్ళే కదయ్యా. మన జాబితాలో తేదీలే తప్పు" అన్నాడు.

తేదీలాయన ఉద్యోగంలో ఆఖరి రోజు. సన్మానం లేదు, దండ లేదు, ఎంక్వయిరీ నడుస్తోంది. అందరూ వెళ్ళాక ఏడో నంబరు గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. షట్టరుని ఎవరో మళ్ళీ కిందికంటా దించేశారు. బాగుచేయించడానికి మంజూరు రావాలట.

చీకటి పడింది.

టక్... టక్... టక్...

"బాబూ... రాసుకున్నానన్నావు కదా?"

ఆయన లేచి షట్టరు దాకా వెళ్ళాడు. రేకు మీద చెయ్యి ఆనించాడు. చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

అవతల నుంచి మళ్ళీ తట్టారు.