ఊరు తప్పిన రోడ్డు

"ఇక మన ముందు నుంచి లారీలు పోవు" అంటూ వచ్చాడు వాచీల మాస్టారు, చెప్పులు గుమ్మంలో వదులుతూ. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన గొంతు అంత తేలిగ్గా పలకడం ఆమె ఏ రెండుసార్లో విని ఉంటుంది. మునిసిపల్ ఆఫీసు గోడకు మ్యాపు అంటించారట. ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డును ఇటుక బట్టీల అవతలకు మళ్లిస్తారట. దాన్ని బైపాస్ అంటారట. ఎవరికైనా అభ్యంతరం ఉంటే శుక్రవారం హాల్లో చెప్పుకోవచ్చట.

"అభ్యంతరం ఎవరికుంటుందిలే" అని నవ్వాడాయన.

ఆమె చేతిలో బియ్యం గిన్నె ఉంది. కడిగిన నీళ్లు వంపబోయి, నీళ్లతోపాటు సగం బియ్యం కూడా వంపేసింది... అది కూడా తెలియలేదు ఆమెకు.

ఆయన సంతోషానికి కారణం లేకపోలేదు. ఇంటి ముందు గదే ఆయన షాపు. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, నువ్వుగింజలో సగం ఉండే స్క్రూను చిమటాతో పట్టుకుంటాడా, సరిగ్గా అప్పుడే లోడు లారీ వస్తుంది. బల్ల వణుకుతుంది. స్క్రూ ఎగిరిపోతుంది. అప్పుడు ఆమె వంటింట్లోంచి అయస్కాంతం ముక్క తీసుకుని వచ్చి, కొంగు నడుముకు చెక్కి, నేలంతా పాకుతూ వెతకాలి. ఎన్ని వేలసార్లు వెతికిందో! కొడుకు చిన్నప్పుడు వాడూ పక్కన పాకేవాడు. "అమ్మా, ఇప్పుడు పోయింది ఆరు చక్రాలది కాదు, పదిది" అనేవాడు, తల ఎత్తకుండానే. చప్పుడును బట్టే చెప్పేవాడు. అది విని ఆమె మురిసిపోయేది. మాస్టారు మాత్రం పళ్లు నూరుకునేవాడు.

పంతొమ్మిదో ఏట వాడు ఆ బల్ల ముందు నుంచి లేచి లారీ ఎక్కేశాడు. "ఆ స్టీరింగు పట్టుకున్నవాడు నా గడప తొక్కక్కర్లేదు" అన్నాడు తండ్రి. వాడికీ తండ్రి పౌరుషమే వచ్చింది... తొక్కలేదు. ఇళ్లల్లో ఫోన్లు లేని రోజులవి. మొదటి ఏడాది మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడింటినీ మాస్టారు విప్పకుండా పోస్టుమాన్ చేతికే తిరిగిచ్చాడు. ఆ తరువాత ఉత్తరాలు ఆగిపోయాయి.

కానీ మంగళవారాలు మొదలయ్యాయి.

ఇంటికి పది అడుగుల దూరంలో స్పీడ్ బ్రేకర్ ఉంది. మంగళవారం పొద్దున దాని దగ్గర ఒక లారీ నెమ్మదిస్తుంది. ఒక పొడుగు హారన్, రెండు పొట్టి హారన్లు. ఆమె తడి తువ్వాలు పట్టుకుని కిటికీ దగ్గరకు వస్తుంది. కనిపించేది ఎంత? కిటికీలోంచి బయటకు పెట్టిన ఒక మోచెయ్యి, మడిచిన చొక్కా చెయ్యి. ఒక ఏడు మీసం కనిపించింది. ఒకసారి చేతికి కట్టు ఉంది. ఆ కట్టు ఎందుకో తెలియక వారమంతా అన్నం సహించలేదు. బండి గేరు మార్చుకుని వెళ్లిపోతుంది. ఇలా తొమ్మిదేళ్లు! భూతద్దంలోంచి తల ఎత్తని భర్తకు ఈ సంగతి తెలియదనే ఆమె ధైర్యం. తెలిస్తే కిటికీ కూడా మూయిస్తాడని భయం.

ఇప్పుడు ఆ రోడ్డే లేకుండా పోతుందట. అందులో తన చెయ్యీ ఉందని శుక్రవారం దాకా ఆమెకు తెలియదు.

హాలు నిండిపోయింది. రోడ్ల ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు అమ్మాయి మ్యాపు మీద కర్రతో చూపిస్తూ వివరించింది. టీ కొట్టు ఆయన లేచి, లారీలు పోతే మా బతుకులేం కావాలని నిలదీశాడు. ఆ అమ్మాయి కాగితాలు తిరగేసి, నాలుగు నెలల కిందట ఇంటింటికీ వచ్చి అడిగినప్పుడు నూట పన్నెండు కొట్లలో నూట నాలుగు కొట్లవాళ్లు ఒక్క బండీ ఆగదనే చెప్పారంది.

"మీరు కూడా అదే చెప్పారు బాబాయ్. అప్పుడు మీ కొట్టు ముందు ఎనిమిది లారీలున్నాయి. నేనే లెక్కపెట్టాను" అంది.

హాలంతా ఘొల్లుమంది. అంతలోనే అందరి నవ్వూ చప్పబడింది. ప్రతివాళ్లకూ తమ అబద్ధం గుర్తొచ్చింది. అప్పట్లో ఆ అడగడం రోడ్డు వెడల్పు కోసమని బట్టల కొట్టు వదిన ఊరంతా చెప్పింది. బండ్లు ఆగుతాయంటే ముందు గదులు పడగొడతారని, ఎవరూ ఆగరు, ఊరికే పోతుంటారు అని చెప్పమని అందరికీ నూరిపోసింది. ముందు గది పోతే కిటికీ పోతుంది, కిటికీ పోతే మంగళవారం పోతుంది... అనుకుని ఆమె కూడా ఆ మాటే చెప్పింది. ఆగని బండ్లకు ఊరి మధ్యన రోడ్డెందుకని రోడ్ల ఆఫీసువాళ్లు గీత ఊరవతల గీశారు.

ఆమె లేచి నిలబడింది. జనంలో ఎన్నడూ నోరు విప్పిన మనిషి కాదు. ముందు కుర్చీ పట్టుకుంది.

"నేను అబద్ధం చెప్పాను తల్లీ. మా ఇంటి ముందు ఒక బండి ఉంది. అది రాసుకో."

"వారానికి ఎన్నిసార్లు ఆగుతుందమ్మా?"

"ఆగదు... ఆగకుండానే పోతాడు. నా కొడుకు. ఆ చెయ్యి చూసుకునే నేను బతుకుతున్నాను. ఆ గీత నా కంటికి అడ్డంగా గీశావమ్మా..."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన కూర్చున్న భర్త వైపు చూసే ధైర్యం లేదు. ఇప్పుడు లేచి, చెయ్యి పట్టుకుని బరబరా ఈడ్చుకుపోతాడనుకుంది. ఆయన లేవలేదు. నేల చూస్తూనే అన్నాడు.

"మంగళవారం, పది ఇరవైకి."

ఆమె ఉలిక్కిపడి చూసింది.

"వానొస్తే ఇరవై అయిదు. మొన్న పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. టైరు పోయిందో, ఇంకేమైందోనని... ఆ పదకొండు నిమిషాలూ నా చేతిలో పని సాగలేదు."

తొమ్మిదేళ్లుగా ఒకే గదిలో, ఒకే చప్పుడు కోసం, ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా చెవులు రిక్కించుకుని కూర్చున్నారన్నమాట! మరి ఒక్క మాట అనలేకపోయారా అని ఆమె కళ్లతోనే అడిగింది. "అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకెవరు నేర్పారే" అన్నాడాయన.

ఇంజనీరు అమ్మాయి కళ్లు తుడుచుకుంది కానీ, గీత జరపలేనని ఉన్నమాటే చెప్పింది. కొట్లవాళ్ల లెక్క మళ్లీ తీయిస్తానని, అయినా బైపాస్ రావడం ఖాయమని, మహా అయితే రెండేళ్లు పడుతుందని అంది.

మంగళవారం వచ్చింది. మాస్టారు షాపు తలుపు వేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పదింటికే స్పీడ్ బ్రేకర్ మీద నిలబడ్డాడు. బస్సు డ్రైవర్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు. లారీ వచ్చింది. హారన్ మోగలేదు. మోగించే చెయ్యి తండ్రిని చూసి ఆగిపోయి ఉంటుంది.

"పక్కకి జరుగు నాన్నా. వెనక బండ్లున్నాయి" అన్నాడు వాడు పైనుంచి.

"ఉండనీ. దిగు."

"ఎందుకు?"

"మీ అమ్మ వండింది."

వాడు అద్దంలో వెనక బండ్ల వరుస చూసుకున్నాడు. తరువాత ఇంజను ఆపి దిగాడు. రెండు వైపులా బండ్లు బారులు తీరి అరుస్తుంటే, బట్టల కొట్టు వదిన నడిరోడ్డు మీదకు వచ్చి, చేతిలో గజం బద్ద ఊపుతూ, తొమ్మిదేళ్లు ఆగినవాళ్లుండగా మీరు పది నిమిషాలు ఆగలేరా అని డ్రైవర్లందరినీ కడిగేసింది.

గుమ్మంలో వాడు తల వంచాల్సి వచ్చింది. ఇంత ఎత్తు ఎప్పుడు పెరిగాడో ఆమెకు తెలియదు. కావలించుకోవాలనుకుంది, కానీ పరాయి మగవాడంత మనిషి... చెయ్యి పట్టుకోవడానికే సిగ్గేసింది. వాడూ తలెత్తి చూడలేక, చేతులు కడుక్కొస్తానంటూ సరాసరి పెరట్లోకి నడిచాడు.

ఎంతకీ రాడేమని ఆమె వెనకే వెళ్లింది. నూనె మరకల చేతులు రెండూ ముందుకు చాపుకుని, ఉత్త గోడ ముందు నిలబడి ఉన్నాడు వాడు. కుళాయి అక్కడ లేదు. వాడు వెళ్లిన మూడో ఏడు దాన్ని ఇంట్లోకి మార్పించారు.

"అటు కాదు నాన్నా" అంటూ ఆమె వాడి మణికట్టు పట్టుకుంది. "ఇటు... ఇటు రా."