మూడో పిలుపు

నాలుగో స్తంభానికి పట్టిన మంచుచెమ్మను పైడితల్లి ఉన్నిగుడ్డతో తుడిచి, దాని గొంతు దగ్గర వేలితో నొక్కింది. లోపలి నుంచి ఒక పిల్లవాడి గొంతు తేటగా పలికింది.

"నేనిక్కడున్నాను. బాట ఇటుంది, రా."

"విన్నాను బాబూ" అంది పైడితల్లి. స్తంభాలకు జవాబు చెప్పనక్కర్లేదని శిక్షణలో చెప్పారు. చెప్పకుండా ముందుకు నడవాలంటే ఆమెకు కాళ్ళాడవు.

ఉల్వాన్ సరస్సు చుట్టూ పిల్లలు నడవడానికి వీలైన బాట ఉంది. చెక్క వంతెనలు, నీలిపండ్ల పొదలు, సగం దారిలో వాఫెల్స్ అనే వేడి అట్లు అమ్మే గుడిసె. అవతలి ఒడ్డున మాత్రం నిట్టనిలువు కొండ. యుగాలుగా గడ్డకట్టి ఉన్న నేల కరిగిపోయిన దగ్గర్నుంచి ఈ లోయలో పొగమంచు చెప్పాపెట్టకుండా దిగుతోంది. అందుకే దారి తప్పిన పిల్లలను పేరు పెట్టి పిలిచే పిలుపరి స్తంభాలు బాట పొడుగునా నాటారు. పెద్దవాళ్ళ గొంతుకు పిల్లలు మొండికేస్తారు, సాటి పిల్లవాడు పిలిస్తే వస్తారు. ఆ సాటి పిల్లవాడు శివర్త్. చనిపోయి చాలా ఏళ్ళయింది. ఎదిగి ఉంటే ఈపాటికి గడ్డం గీసుకుంటూ ఉండేవాడు.

"అమ్మా, వాడికి జలుబు చెయ్యదా? రేయీపగలూ బయటే ఉంటాడు కదా" అంది నీలవేణి. ఈ రోజు బడికి సెలవు, అందుకని తల్లితో పనికి వచ్చింది.

"నోర్ముయ్యే గుంటా. నడు."

"నువ్వు మాట్లాడొచ్చు గానీ నాను మాట్లాడకూడదేటి?"

పైడితల్లి ఉన్నిగుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది. వాళ్ళది సముద్రం మింగేసిన జాలరి ఊరు. నీలవేణి పుట్టకముందే ఊరంతా ఇళ్ళు వదిలి చెట్టుకొకరూ పుట్టకొకరూ అయ్యారు. పైడితల్లి చదువు ఏడో తరగతిలో, బడిలోకి నీళ్ళు వచ్చిన రోజున ఆగిపోయింది. ఆమె భర్త ఈ చలిదేశంలో జలవిద్యుత్ సొరంగంలో పని చేస్తున్నాడు. ఊరి నుంచి ఆమె తెచ్చుకున్నవి రెండు చీరలూ, నాయనమ్మ చెప్పిన జాగ్రత్తలూ. వాటిలో ఒకదాన్ని, స్తంభం గొంతు మొదటిసారి విన్న నాడే, వణికిపోతూ కూతురికి నూరిపోసింది: సముద్రం మనిషిని పేరు పెట్టి పిలుస్తుంది, కానీ రెండుసార్లే పిలవగలదు. మూడోసారి పిలిస్తేనే మనిషి. అప్పటిదాకా పలక్కూడదు, కదలకూడదు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి బాట మొదట్లో లెక్కగడప దగ్గర నాలుగు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. పైడితల్లి నీలవేణితో పాటు పిల్లలందరి మెడలోనూ పలుకుపూసలు వేసింది. పిల్ల తన నోటితో పలికితే తప్ప పూస చోటు చెప్పదు. పిల్ల ఒప్పుకోకుండా ఆమె జాడ తీయకూడదని ఇక్కడి చట్టం. ఒక్కొక్కరూ గడప దాటుతుంటే పక్కనున్న పలక మీద లోపలివారి సంఖ్య పెరిగింది.

"పొగమంచు దిగితే ఎవరూ కేకలు వేయకండి" అని పైడితల్లి రోజూ చెప్పే మాటే చెప్పింది. "కొండ మన గొంతును తిప్పికొడుతుంది. పిల్లలు ఆ గొంతు వెంట నీళ్ళలోకి నడుస్తారు. స్తంభాలు పిలుస్తాయి."

ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆమె గుడిసె వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తుంది. అక్కడ వాఫెల్స్ పోసే ఇంగున్, శివర్త్ తల్లి. వాడు తప్పిపోయిన రోజు కేకలు వేసింది ఆమే. పిల్లవాడు కొండలోని గొంతు వెంట వెళ్ళాడు. దేహం దొరకలేదు. ఇంకే తల్లికీ అలా పిలవాల్సిన అవసరం రాకూడదని, ఇంట్లో రికార్డు చేసి దాచుకున్న వాడి మాటలన్నీ ఆమె పిలుపరి స్తంభాలకు ఇచ్చేసింది.

"ఇంగున్ గారూ, పిండి కలిపారా?" గుడిసె చేరగానే పైడితల్లి అడిగింది.

"మళ్ళీ నా పేరుకు తోక తగిలించావు" అంది ఇంగున్, పెనం మూత తెరుస్తూ. "రాజుగారిని కూడా ఇక్కడ ఉత్త పేరుతోనే పిలుస్తాం. కూర్చో. నీ మొహం చూస్తుంటే ఎండ కూడా భయపడి పోయేటట్టుంది."

ఎండ నిజంగానే పోయింది. వాఫెల్ మీద గోధుమరంగు జున్ను కరిగేలోపే సరస్సు కనబడకుండా పోయింది. నీలవేణితో సహా పిల్లలింకా నీలిపండ్ల వాలు మీదే ఉన్నారు. స్తంభాలన్నిటి మీదా పసుపు దీపాలు వెలిగాయి. శివర్త్ గొంతు ఒక్కో పేరే పిలవసాగింది. "ఇక్కడ!" "ఇక్కడే ఉన్నా!" అని పిల్లలు పలుకుతున్నారు, పూసలు వెలుగుతున్నాయి, దగ్గరి స్తంభం వాళ్ళను నడిపించుకొస్తోంది. ఒక్కొక్కరే వచ్చి తల్లుల కోట్లలో మొహాలు దాచుకున్నారు.

"నీలవేణీ, నేనిక్కడున్నాను."

జవాబు లేదు.

"నీలవేణీ, బాట ఇటుంది, రా."

పొగమంచులో ఎక్కడో నీళ్ళు రాతిని తాకిన చప్పుడు.

"పిలుపు పూర్తయింది" అంది పిల్లవాడి గొంతు. "జవాబు లేదు. వెతికే యంత్రపక్షి బయలుదేరింది. దయచేసి ఎవరూ కేకలు వేయకండి."

పైడితల్లికి అప్పుడు తట్టింది. పిల్ల తప్పిపోలేదు. తాను చెప్పినట్టే చేస్తోంది. ఎక్కడో నీళ్ళ పక్కన నోరు మూసుకుని, మూడో పిలుపు కోసం చూస్తోంది. ఆమె స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఇంకోసారి పిలువు నాయనా. ఒక్కసారి."

"మూడో పిలుపు లేదు" అంది శివర్త్ గొంతు. "రెండు పిలుపుల తర్వాత పిల్లలు భయపడి పరిగెత్తుతారు."

"నా పిల్ల పరిగెత్తదు! నిన్ను సముద్రమనుకుంటోంది!"

"మూడో పిలుపు లేదు."

పైడితల్లి నోరు తెరవబోయింది. ఇంగున్ ఆమె మణికట్టు పట్టుకుంది. "వద్దు. నా బతుకు చూశావుగా. వద్దు."

"పక్షి వచ్చేలోపు కాలు జారితే?"

ఇంగున్ చెయ్యి వదల్లేదు. పైడితల్లే మెల్లగా విడిపించుకుంది. కేక వేయలేదు. ఊళ్ళో పడవ మీదున్న మనిషితో ఒడ్డు నుంచి మాట్లాడినట్టు, సాగదీసి, నిదానంగా పిలిచింది.

"నీలూ... నానే, అమ్మని. ఇది మూడోసారి. అడుగు కదపకు. ఉన్నకాడే పలుకు."

స్తంభాల మీద హెచ్చరికగా ఎర్రదీపాలు వెలిగాయి. కొండ ఆమె మాటను తిప్పి ఇచ్చింది: పలుకు... లుకు... ఆ తప్పుడు గొంతు వైపు ఒక చిన్న పాదం లేవడం ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడింది.

"ఊఁ" అని వినబడింది. పూస వెలిగింది.

పూస వెలుగు వెంట వెళ్ళేసరికి నీలవేణి నీటి అంచున ఒక రాతి మీద కూర్చుని ఉంది. చెప్పులు తడిసి ఉన్నాయి. నీలిపండ్లు నలిగి గుప్పిలి నల్లబడింది. పైడితల్లి దాన్ని ఎత్తుకుని గుడిసెకు నడిచింది. లోపల దింపి వీపు మీద ఒక్కటిచ్చి, వెంటనే ఆ వీపునే నిమిరింది.

"ఏటే అలా కూకున్నావు? బయం వెయ్యలేదా?"

"ఒక్కద్దాన్నే లేను కదమ్మా. వాడూ కూకున్నాడు పక్కన. వాడూ పలకడంట. వాళ్ళమ్మ రెండుసార్లే పిలిచిందంట."

పైడితల్లి చెయ్యి ఆగిపోయింది. కేకలు వేశానని ఇంగున్ అందరికీ చెప్పింది. ఎన్నిసార్లో ఎవరికీ చెప్పలేదు.

తెలుగు రాకపోయినా ఇంగున్ వాళ్ళ మొహాలు చూసింది. "ఏమంటోంది?"

చలికి ఏదో వాగుతోందని చెప్పొచ్చు. చెబితే ఈమె తట్టుకోగలదా? చెప్పకపోతే? ఆ చిన్న పాదం ఇంకా పైడితల్లి కళ్ళ ముందే ఉంది. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. సముద్రం సంగతీ, మూడో పిలుపు సంగతీ కూడా.

ఇంగున్ పెనం మూత దించింది. "రెండోసారి కొండ బదులిచ్చింది" అంది. "వాడు పలికాడనుకుని ఊరుకున్నాను."

పిండి చేతులతోనే నీటి దాకా నడిచి, శివర్త్ అని ఇన్నేళ్ళ తర్వాత మూడోసారి పిలిచింది.

ఈసారి కొండ తిరిగి పలకలేదు. సరస్సు చుట్టూ స్తంభాల దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. పైడితల్లి దగ్గరున్న స్తంభం గొంతు నొక్కి చూసింది. లోపల ఎవరూ లేరు.

సాయంత్రానికి పొగమంచు విడిపోయింది. వేసవి వెలుగు ఇంకా కొండ మీదే ఉంది. కుటుంబాలన్నీ గడప దాటి వెళ్ళిపోయాయి. చివర నీలవేణి, ఇంగున్, పైడితల్లి బయటికి వచ్చారు. రోజూ ఇక్కడ పలక సున్నా చూపిస్తుంది, పైడితల్లి బొటనవేలు ఆనిస్తుంది, తలుపు పడుతుంది.

పలక మీద అక్షరాలు నిలిచి ఉన్నాయి: లోపల ఒకరు మిగిలారు. లెక్క సరిచేసి తలుపు వేయండి.

పైడితల్లి అందరి పేర్లూ మళ్ళీ మనసులో చెప్పుకుంది. అందరూ వచ్చేశారు. పలక ఆమె వేలి కోసం వెలిగి ఆరుతోంది. ఆమె ఆ చేతిని కోటు జేబులో పెట్టేసుకుంది.

"పెనం ఇంకా వేడిగానే ఉండి ఉంటుంది" అంది ఇంగున్, ఎవరితోనో అన్నట్టు. వెనక్కి తిరిగి గడప దాటింది.

పలక మీద అంకె మారింది. లోపల ఇద్దరు.