ఎనిమిదో గ్రీన్ మీద కాంట్రాక్టరు

"రేపు పొద్దున తొమ్మిదిన్నరకు ఫిరోజాను చంపుతారు," అన్నాడు చీఫ్ రామకృష్ణ, టీ గ్లాసు కింద పెడుతూ.

కడపలో బండలు పాలిష్ పట్టే షెడ్డు మీద గది అది. కింద మిషన్ల రొద. ఆ రొదలో ఇక్కడి మాట గోడ దాటదు. డిపార్ట్‌మెంట్ ఆ గదిని ఎంచుకున్నది అందుకే.

ఏజెంట్ వీరభద్ర ఫోటో చూశాడు. రాడార్ ఇంజినీర్ ఫిరోజా, కర్నూలు మనిషి. శత్రువుల డ్రోన్లను పసిగట్టే కొత్త రాడార్ డిజైన్ మొత్తం ఆమె బుర్రలో ఉంది.

"ఎక్కడ?"

"కల్లూరు దాటాక కొత్త గోల్ఫ్ క్లబ్. తొమ్మిదో హోల్ దగ్గర టైమ్ బాంబ్. రిమోట్ వాడితే సిగ్నల్ పట్టేస్తామని విదేశీ ముఠాకు భయం."

"సరిగ్గా ఆ టైమ్‌కి ఆమె అక్కడికి వస్తుందని నమ్మకమేంటి?"

"ఆ క్లబ్బులో ఆట లేటు కాదు. నిదానంగా ఆడేవాళ్లను మార్షల్ వచ్చి తరుముతాడు."

"అయితే ఆట మాన్పించండి సార్."

"మాన్పిస్తే ముఠా ఇంకో రోజు, ఇంకో చోటు చూసుకుంటుంది. క్లబ్బులో వాళ్లకు సాయం చేసే మనిషి నాకు కావాలి."

అంటే ఆ పిల్ల ఎర. వీరభద్రకు నోరంతా చేదయింది. "ఆమెకు చెప్పారా?"

"చెబితే మొహంలో తెలిసిపోతుంది. శ్రావణి ఆమెతో ఆడుతుంది. ఏదో ఒక వంకతో వెనకే ఆపుతుంది. నువ్వు ముందు ఆడుకుంటూ పోయి బాంబు కనిపెట్టు. దొరికితే కోడ్ వర్డ్ 'ఉగ్గాని'."

శ్రావణి పేరు వినగానే వీరభద్ర మనసు కుదుటపడింది. డిపార్ట్‌మెంట్‌లో అంత అందగత్తె లేదు, అంత గురి ఉన్న షూటర్ కూడా లేదు. అతనికి గోల్ఫ్ నేర్పింది ఆమే. గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద, ముందువాళ్లుండగా వెనకవాళ్లు బంతి కొట్టకూడదని, పక్కవాడి నీడ కూడా తొక్కకూడదని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు కోసం అతను పాఠాలు రెండేసిసార్లు అడిగి చెప్పించుకునేవాడు.

మర్నాడు క్లబ్ గేటు దగ్గర బేతంచెర్ల బండల కాంట్రాక్టరు దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడలో లావుపాటి గొలుసు, కాళ్లకు చెప్పులు. క్వారీ పేలుళ్లకు చెవులు పోయినట్టు చెవిలో మిషన్. అది శ్రావణితో మాట్లాడే రేడియో. చేతిలోని పట్టర్, బంతిని గుంతలోకి దొర్లించే కర్ర, పేలుడు మందు వాసన తగిలితే వణుకుతుంది.

మార్షల్ భూపేష్ ఎగాదిగా చూశాడు. "ఏమప్పా, యాడికి? ఈడ కాలర్ టీషర్ట్, బూట్లు ఉంటేనే లోపలికి."

"పాస్ ఉండాది గదప్పా!"

"పాస్ ఉంటే సరిపోదు సార్, పద్ధతుండాల. ఇంగ, గట్టిగా అరవగూడదు."

క్లబ్ షాపులో టీషర్టు, బూట్లు కొనిపించి, టీషర్టును ప్యాంటులోకి దోపించి గానీ వదల్లేదు. చుట్టూ మెంబర్లు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. వేషమని పేరే గానీ అందులో వేషమెంత? వీరభద్ర తండ్రి బేతంచెర్లలో బండలు కొట్టాడు. బ్యాంకు గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడితే ఆయన వైపు కూడా జనం ఇట్లాగే చూసేవాళ్లు.

ఎనిమిదో గ్రీన్ చేరేసరికి టైమ్ తొమ్మిది దాటింది. బండల గుట్ట అవతల తొమ్మిదో హోల్ దగ్గర చిన్న గుడిసె. ఎండకు అందరూ అక్కడ కూర్చుని మజ్జిగ తాగి కదులుతారు. వీరభద్ర అటు నడిచాడు. గుడిసెలోని బెంచీ దగ్గరికి పోగానే పట్టర్ జివ్వున వణికింది. కింద బిగించిన డబ్బాకు అన్ని వైపులా వైర్లే. చెయ్యి పెడితే అప్పుడే పేలుతుంది.

"ఉగ్గాని," అన్నాడు మెల్లగా. "శ్రావణీ, ఎక్కడున్నారు?"

"ఇంకా ఆరో హోల్‌లోనే ఉన్నాం. కంగారుపడకు," అంది చెవిలో తీయటి గొంతు.

హమ్మయ్య అనుకుని గుట్ట మీదుగా వెనక్కి చూశాడు. శ్రావణి, ఫిరోజా ఎనిమిదో హోల్ మైదానం సగం దాటేశారు. శ్రావణి బ్యాగ్ భుజాన వేసుకుని, వాచీ చూసుకుంటూ ఫిరోజాను తొందరపెడుతోంది.

చీఫ్ వెతికే మనిషి శ్రావణే.

అరిస్తే ఆమె బ్యాగులోని పిస్టల్ ఫిరోజా పక్కనే ఉంది. తన దగ్గర ఉన్నది పట్టర్ ఒక్కటే.

గుడిసెలో మజ్జిగ పోసే పీరమ్మ గ్లాసు అందించింది. ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

"పులిసిపోయుండాది! క్లబ్బుకు పోయి వేరేది తేపో!"

"అయ్యో, పొద్దున చిలికిన మజ్జిగ నాయనా!"

"తే అంటాండా గదా!"

"నీ నోరు పడిపోను," అని తిట్టుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ పీరమ్మ క్లబ్ దారి పట్టింది. అది ఎంత కమ్మటి మజ్జిగో అతనికి తెలుసు.

గబగబా వెనక్కి వచ్చి ఎనిమిదో గ్రీన్ మధ్యలో చతికిలబడ్డాడు. బూట్లు విప్పాడు. మేజోళ్లు దులిపాడు. బోర్లా పడుకుని బంతి దారి చూశాడు. లేచి, కొట్టబోయి, మళ్లీ పడుకున్నాడు.

భూపేష్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం సార్ ఇది? వెనక మేడమ్‌లు ఎదురుచూస్తాండారు. వాళ్లకు దారి ఇయ్యండి!"

"ఆఁ? వినపడ్లా!"

"దారి ఇయ్యండి!"

"బీరా? ఈ పొద్దుటిపూట వద్దులేప్పా!"

దూరం నుంచి ఫిరోజా కంఠం వినిపించింది. "హోల్ వదిలేసి నేను రాను శ్రావణీ. రూల్ రూలే."

చివరికి శ్రావణి ఒక్కతే గ్రీన్ మీదికి వచ్చింది. భూపేష్‌ను పక్కకు పొమ్మంది. అదే నవ్వు.

"దారి ఇవ్వు వీరూ."

"ఎందుకిట్లా చేశావ్?"

"పదేళ్లు ప్రాణం పెట్టి పనిచేశాం. మీ చీఫ్ మనుషుల్ని ఎరలుగా తప్ప ఎప్పుడు చూశాడు? రేపు నీ వంతు."

ఆ మాట నిజమే. అందుకే ఎక్కువ నొప్పి పెట్టింది. నిన్న గదిలో నోరు మూసుకుని కూర్చున్నది తనే కదా!

గుట్ట అవతల భూమి అదిరింది. గుడిసె కప్పు ఆకాశానికి లేచింది. ఎర్రటి దుమ్ము ఆ చోటంతా కమ్మేసింది. శ్రావణి మెరుపులా బ్యాగులో చెయ్యి పెట్టి ఫిరోజా వైపు తిరిగింది. పిస్టల్ గురి కుదిరే లోపే పట్టర్ ఆమె మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది. కింద పడ్డ పిస్టల్‌ను ఉత్త పాదంతో తొక్కి పట్టాడు.

తోటమాలుల వేషంలో ఉన్న మనుషులు వచ్చి శ్రావణిని ఆస్పత్రికని తీసుకుపోయారు. తలపాగా చుట్టుకున్న రామకృష్ణ పక్కనుంచి పోతూ గొణిగాడు. "గ్యాస్ సిలిండర్ పేలిందని చెప్పాం. ముఠాలో మిగతావాళ్లు దొరికేదాకా ఫిరోజాకేం తెలియకూడదు."

దుమ్ము అణిగాక ఫిరోజా వచ్చింది. దుమ్ములో పిస్టల్ ఆమెకు కనబడలేదు. ఆమె చూసిందల్లా, దారి అడిగిన పాపానికి తన స్నేహితురాలి చెయ్యి విరగ్గొట్టిన మొరటువాణ్నే.

"ఆడమనిషిని కొడతావా? నీలాంటోళ్లకు గుడ్డలు మార్పించి లోపలికి రానిస్తే బుద్ధి మారుతుందా? పక్కవాళ్ల టైమ్ అంటే లెక్కలేదు నీకు!"

వీరభద్ర తల వంచుకున్నాడు. గ్రీన్ అంచుకు జరిగి, క్లబ్ నేర్పిన మర్యాదంతా చూపిస్తూ చెయ్యి చాచాడు.

"తప్పయిపోయింది మేడమ్. ఇంగ మీరు ముందు పోండి."